మాటరాయుడు

ఆళ్లగడ్డ. ఆదివారం మధ్యాహ్నం. బడిలో సాంఘికశాస్త్రం చెప్పే యెషయా ఇంటి ముందు గది. ఆయనా, నంద్యాల నుంచి బస్సులో వచ్చిన సెల్‌ఫోన్ రిపేరు జాకీరూ కలిసి 'చినిగిన అట్ట' అని ఒక పాడ్‌కాస్ట్ నడుపుతారు. వచ్చిన ప్రతి కామిక్‌నూ ఉతికి ఆరేయడమే అందులో పని. ఒక్కదాన్ని మెచ్చుకున్న పాపాన పోలేదు. రికార్డింగు నడుస్తోంది. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశారు.

"...దాన్ని ఆట అంటారా? తెరంతా పొగ. దోమల మందు కొట్టినట్ల. ఎవరు ఎవర్ని కాలుస్తాండారో కాల్చేవానికే తెలీదు."

"గ్రాఫిక్సు కొత్త రకం అంటన్నా."

"కనపడకుండా చేసేదానికి కొత్త రకం యాటికి జాకీరూ, కండ్లు మూసుకుంటే చాలు గదా. నువ్వెంతసేపు ఆడినావ్?"

"రవంత సేపే."

"రవంత సేపంటే?"

"తెల్లారింది."

"థూ. హీనా ఏమనలేదా?"

"అనకుండా ఉంటాదా నా పెండ్లాం? 'ఊర్లో వాళ్ల ఫోన్లన్నీ నువ్వు బాగుచేస్తావ్, నీ బుర్ర ఎవరు బాగుచేస్తారు' అన్నాది. ఆ ముక్క తర్వాత కోసేస్తాలే అన్నా."

"కొయ్యద్దు. పోయిన నెలంతా మనం మాట్లాడినదాంట్లో అంత మంచి మాట ఒక్కటి లేదు."

"నువ్వు తినన్నా, తట్టలో ఉగ్గాని బజ్జీ చల్లారిపోతాంది."

"తింటానే ఉండా. నువ్వు కానీ. ఆ హైదరాబాద్ పిల్లోళ్ల పాడ్‌కాస్ట్ విన్నావా? కామిక్స్ మీదంట."

"విన్నా. ఏసీ గదంట. గోడలకంతా నల్ల స్పాంజీ. ఒక్కో మైకు జొన్నకంకంత ఉండాది."

"అంత మైకు పెట్టుకొని ఏం చెప్తాండారు? మూడు మాటలకొకసారి 'యూ నో', 'యూ నో'. మాకే తెలిస్తే మీది యాటికి వింటామప్పా?"

"మనకు ఫ్యాను ఆపుకునే గతి."

"ఆపుకుంటే ఆపుకుంటిమి. నోట్లో మాటుంటే చెమటోడ్చుకుంటానైనా వింటారు. సరే, ఈ పొద్దు కామిక్ 'ఉలిపాప'కొద్దాం. చదవనోళ్లకు కథ చెప్పు. బిరీన చెప్పు, సాగదీయొద్దు."

"చెప్తా. 'ఎర్రమల' అని మారుపేరు పెట్టుకొని ఎవరో నెట్‌లో మూడు భాగాలు వేసినారు. కథంతా ఆళ్లగడ్డలోనే. మాటరాయుడని ఒక దుర్మార్గుడు. కత్తి పట్టడు, తుపాకీ పట్టడు. కుర్చీలో కూర్చొని ఒక మాటంటాడు, అంతే. ఆ మాట ఎవరి చెవిలో పడితే వాళ్లు రాయైపోతారు. పాట పాడేవాడు నోరు తెరిచినట్లే రాయి. ముగ్గేసే ఆయమ్మ వంగినట్లే రాయి. ఉలిపాప అని ఒక పిల్ల. ఉలీ సుత్తీ పట్టుకొని ఆ రాళ్లను చెక్కి లోపలి మనుషుల్ని బయటికి తీస్తాంటాది."

"దేవుళ్లను చెక్కే ఊర్లో మనుషుల్ని చెక్కుతాదంట. ఎచ్చులు చూడు."

"హైదరాబాద్‌లో పుస్తకాలేసేవాళ్లు మనల్ని అడిగినారు, అది గూడా చెప్పాల గదా. మీరు బాగుందంటే దీన్ని పుస్తకంగా వేస్తాం, మీరు కాదంటే వెయ్యం అని. ఈ సాయంత్రం లోపల చెప్పాలంట."

"ఇన్నాళ్లకు మన విలువ తెలిసింది."

"అన్నా, మన మాట మీద ఒకరి పుస్తకం ఆగిపోతాది. రవంత చూసి మాట్లాడదామా?"

"ఏం చూసేది? బాగుందని అబద్ధం చెప్తే వానికి మేలా, బాగలేదని నిజం చెప్తే మేలా? నువ్వే చెప్పు."

"నిజమే అనుకో."

"అనుకునేదేముంది? వాడు మన పక్కోడే కాదు. కోస్తావోడు. మన యాస అద్దెకు తెచ్చుకొని వేషం కట్టినాడు. ఈ పొద్దు అందరి ముందర ఆ వేషం పీకేస్తా. మళ్లీ ఒక బొమ్మ వెయ్యకూడదు వాడు."

"పేరు ఎర్రమల గదన్నా. అవుకు పక్క కొండల పేరు వానికెట్ల తెలుస్తాది?"

"మ్యాపులో చూసుంటాడు. నేను మ్యాపులు చెప్పి బతికేవాన్ని, నాకు చెప్తావా?"

"యాడ, ఈడ, పోతాండావ్, వస్తాండావ్, అన్నీ సరిగ్గానే రాసినాడు."

"అందరూ ఆడనే మోసపోయినారు. మూడో భాగం తియ్యి. ఆఖరు పేజీ."

"తీసినా. ఉలిపాప మాటరాయుని ముందర నిలబడింది. ఉలి కింద పారేసింది. 'నాయనా, ఇంగ చాలు' అంటాంది."

"దొరికినాడా లేదా!"

"ఏందన్నా దొరికింది?"

"నాయనా అంటప్పా, నాయనా! ఊరందర్నీ రాళ్లు చేసినోన్ని పట్టుకొని నాయనా అంటాదంట! ఆ పక్కోళ్లను చూడు. చిన్న పిల్లోన్ని నాయనా అంటారు, ఆటోవాన్ని నాయనా అంటారు, బిచ్చగాన్ని నాయనా అంటారు. అదే అలవాటు ఈడ పడింది. మన పక్క నాయనంటే ఎవరు?"

"కన్నోడు."

"కన్నోడొక్కడే. మా నాయన జయరాజు. ఆయన్ను తప్ప ఇంగొకర్ని ఆ మాటతో పిలిచిన పాపాన పోలేదు నేను."

"మా ఇంట్లో అబ్బా అంటాం. నాకు తెలిసింది గూడా వానికి తెలీలేదు చూడు."

"అదీ! వేషమంతా కట్టినాడు, నోరు మార్చుకోలేకపోయినాడు. నవ్వు జాకీరూ, గట్టిగా నవ్వు. రికార్డులో పడాల."

"నవ్వుతాండా అన్నా. ఒక్క మాటలో కొంప మునిగింది గదా వానికి."

"మునగాల. ఇంగ బొమ్మలంటావా, ఆ పిల్ల ముక్కు చూసినావా? ముక్కా అది? గోడకు కొట్టిన మేకు. చేతులు చూడు, ఒక చేతికి ఆరు వేళ్లుండాయి ఒక పేజీలో."

"అది నీడన్నా."

"నీడకు వేళ్లుంటాయా? గమ్మునుండు."

"ఒకటి మాత్రం ఒప్పుకోవాలన్నా. మాటరాయుడు మాట్లాడేది మన పక్కోడు మాట్లాడినట్లే ఉండాది."

"అది ఒప్పుకుంటా. కాదనను. మాటరాయుని మాటలు శానా బాగుండాయి. ఒక్కటి గూడా వృథా లేదు. కొడితే ఎముకకు తగులుతాది. మిగతాదంతా చెత్త."

"నీ బిడ్డ దీవెన గూడా వేసేది గదన్నా బొమ్మలు. వేస్తాందా ఇప్పుడు?"

"యాడ! మానేసింది. టెన్త్‌లో ఉన్నప్పుడు ఒక గుర్రం వేసి తెచ్చి చూపించింది. గాడిదకు జరమొచ్చినట్లుంది గదమ్మే అన్నా. అంతే. మళ్లా గీత గీయలే."

"పాపం."

"పాపమేముంది? ఒక మాటకు తట్టుకోలేనోళ్లకు బొమ్మలెందుకు? మంచిదే అయింది. ఇంటర్ చదువుకుంటాంది."

"ఇంట్లో ఉండాదా?"

"లోపల గదిలో ఉండాది, తలుపేసుకొని. వాళ్లమ్మతో మాట్లాడతాది, కుక్కతో మాట్లాడతాది. నాతో మాత్రం ఆఁ, ఊఁ. నేను పోయి ఎదురుగా కూర్చుంటే ఉన్నది ఉన్నట్ల గమ్మునైపోతాది. రాయి మాదిరి."

"ఏమన్నావన్నా?"

"ఏమంటి? మాట్లాడదు అంటి."

"కాదు, దాని తర్వాత."

"ఏదో అంటి. నువ్వు పేజీలు తిప్పు. ఇంగా తిట్టాల్సినవి ఉండాయి."

"తిప్పుతాండా. అన్నా, రెండో భాగంలో మాటరాయుడు ఉగ్గాని బజ్జీ తింటాండాడు."

"తిననీ. వీడియోలో చూసి వేసింటాడు. ఉగ్గాని తెలియనోడు ఎవడున్నాడిప్పుడు?"

"బజ్జీలో మిరపకాయ పీకేసి, తట్ట అంచుకు వరసగా పెట్టి, పైపిండి మాత్రం తింటాండాడు."

"చూసినావా! ఇంగొక తప్పు! మన పక్కోడు ఎవడన్నా బజ్జీలో మిరపకాయ పారేస్తాడా? మిరపకాయ లేకుంటే అది బజ్జీనా, బోండానా?"

"అన్నా."

"ఏందీ?"

"నీ తట్ట చూసుకో."

"ఏముంది నా తట్టలో?"

"అంచుకు వరసగా పెట్టినావ్."

"నాకు... నాకు కడుపులో మంటప్పా. డాక్టరు వద్దన్నాడు."

"నేనేమన్నా అన్నానా?"

"అనకుండానే అంటాండావ్. కడుపులో మంట నాకొక్కనికే ఉంటాదా? ఊర్లో సగం మందికి ఉంటాది."

"ఉంటాది, ఉంటాది. ఒకటి చదువుతా, విను. పాట పాడే పిల్లోడు రాయైపోయే ముందర మాటరాయుడు అనే మాట. 'బాగుందని అబద్ధం చెప్తే నీకు మేలా, బాగలేదని నిజం చెప్తే మేలా?'"

"ఇంగొకసారి చదువు."

"ఇందాక నువ్వన్నది అదే గదన్నా."

"దొంగ! దొంగ గూడా వీడు! మన పాడ్‌కాస్ట్ విని నా మాట ఎత్తుకుపోయినాడు. ప్రతి భాగంలో అంటా గదా నేను ఆ మాట. ఇది గూడా చెప్పాల. గట్టిగా చెప్పాల."

"పాడ్‌కాస్ట్‌లో మాట వినపడతాదన్నా. మిరపకాయలు కనపడవు గదా."

"జాకీరూ."

"చెప్పన్నా."

"మొదటి భాగంలో అన్నిటికంటే ముందు రాయైపోయింది ఎవరు? నేను ఆ భాగం సరిగ్గా చదవలే. ముక్కు చూసి పక్కన పడేసినా."

"మనిషి కాదన్నా."

"మరి?"

"గుర్రం."

"గుర్రమా?"

"ముందు కాళ్లెత్తి దూకబోతా ఉంటాది. దూకే లోపల మాటరాయుడు ఒక మాటంటాడు. ఏమన్నాడో రాయలేదు. బుడగ ఖాళీగా ఇడిచిపెట్టినారు."

"రికార్డు ఆపు."

"ఆఖరు పేజీలో తప్పు లేదన్నా. ఆ పిల్ల పిలవాల్సినోన్నే పిలిచింది."

"ఆపమంటాండా గదా!"

"అరవకు. పిలువు ముందు."

"నువ్వు పిలువు."

"నా బిడ్డ కాదు."

"...దీవెనా! అమ్మా దీవెనా!"

"ఆఁ."

"ఇట్రా ఒకసారి."

"వచ్చినా. జాకీర్ మామా, మంచి నీళ్లు కావాల్నా?"

"వద్దు తల్లీ. కూర్చో."

"దీవెనా, ఇది... ఈ ఉలిపాప..."

"ఆఁ."

"నువ్వేనా వేసింది?"

"ఊఁ."

"ఆఁ, ఊఁ కాదు, సరిగ్గా చెప్పు."

"నేనే. గోడ పలచనిది. మీరు చెప్పినదంతా లోపలికి వినపడింది. ముక్కు, మేకు, ఆరు వేళ్లు, కోస్తావోడు. అన్నీ."

"నాకు యాటికి చెప్పలేదు?"

"చెప్తే చదువుతావా? నా పేరుంటే నువ్వు నవ్వుతావ్, చదవవు. ఎవరిదో అయితే తిట్టేదానికన్నా ఆఖరు పేజీ దాకా పోతావ్."

"ఆ హైదరాబాదోళ్లకు తెలుసా, నువ్వు నా బిడ్డవని?"

"తెలుసు. వాళ్లు వేస్తామనే అన్నారు. మా నాయన చదివి, ఆయన బాగుందంటేనే వెయ్యండని నేనే ఆపినా. మిమ్మల్ని అడగమని నేనే చెప్పినా."

"అన్నా, మన విలువ తెలిసిందని నువ్వు ఎచ్చులు పోయింది దీనికా!"

"గమ్మునుండప్పా నువ్వు. అమ్మా, బాగుండాది అని చెప్తా. ఇప్పుడే చెప్తా. జాకీరూ, ఫోన్ ఇట్లియ్యి, వాళ్లకు చేస్తా."

"వద్దు."

"వద్దంటావేందీ? నీ పుస్తకం గదా!"

"నేనేసినానని తెలిసినాక చెప్పేది నాకొద్దు. తెలియక ముందరే ఒక మాటన్నావ్ గదా, 'కాదనను, మాటరాయుని మాటలు శానా బాగుండాయి' అని. నా ఫోన్‌లో రికార్డు పట్టుకున్నా. ఆ ముక్క వాళ్లకు పంపేసినా. నువ్వు దొంగ, దొంగ అంటాండగానే జవాబు గూడా వచ్చేసింది."

"ఏమని?"

"వేస్తాండామని."

"ముబారక్ తల్లీ! అన్నా, నువ్వు పొగిడింది నిన్నే అన్నా! నీ మాటలనే నువ్వు..."

"నవ్వొద్దు జాకీరూ. దీవెనా, నేను... అట్లంటానా నేను ఎప్పుడూ? అందర్నీ?"

"చెప్పేదేముంది. మూడు భాగాలేసినా."

"బాగుండాదమ్మా. నిజంగా బాగుండాది. గుర్రం గూడా బాగుండాది. అంత గీత నాకు రాదు. ఒక్కటే, ఆ పిల్ల ముక్కు రవంత..."

"అన్నా!"

"రవంత అంటాండా అంతే! రవంత మేకు మాదిరి ఉండాది, అది దిద్దుకుంటే..."

"నువ్వు మారవన్నా. ఆపేస్తాండా నేను రికార్డు."

"ఆపొద్దు మామా, అట్లనే ఉండనీ. నాయనా, ఇంగ కానీ, ముక్కు గురించి చెప్తాంటివి. నాలుగో భాగానికి మాటరాయుని మాటలు అయిపోయినాయి, నీ మాటల మాదిరి సొంతంగా రాసేది నాకు చేత కాదు."