తలుపు లేని వైద్యం

కొత్తవలస స్టేషన్ బయట సైకిల్ షెడ్డులో పడుకునే ఆ ముసలి మాజీ జవాను ఎంత పిలిచినా ఆసుపత్రి లోపలికి రాడు. అందుకే నర్సే వారం వారం బీపీ మిషనూ, కట్టుగుడ్డలూ పట్టుకుని అతని దగ్గరికి వచ్చేది. ఆ ఉదయం కాలి కట్టు విప్పగానే వచ్చిన వాసనకి ఆమె చెయ్యి ఆపి మడమ వైపే చూసింది.

"ఏటమ్మా, అలా సూస్తన్నావు?"

"మడమ ఇలాగ నల్లబడిపోనాదేటి తాతా?"

"సూసుకోనేదు. నొప్పి నేదు కదా, తగ్గిపోనాదనుకున్నాను."

"షుగరు మాత్రలు ఏసుకుంతన్నావా?"

"నీ మాట కాదంతానా? మా సుబేదారు తరవాత నువ్వే నాకు."

"అయితే కళ్లు మూసుకో. సూదితో సూస్తాను. నొప్పెడితే సెప్పు."

"సరే... ఎంతసేపమ్మా? గుచ్చు మరి!"

సూది అప్పటికే మడమలో దిగి ఉంది. ఆమె దాన్ని మెల్లగా బయటికి తీసేసింది.

"లే తాతా. ఆటో పిలుస్తాను. ఇప్పుడే పెద్దాసుపత్రికి ఎల్లాల."

"లోపలికా? మంచు కూలిపోయి బంకరులో కూరుకుపోనోడిని నేను. తలుపేస్తే నాకు ఊపిరాడదని తెలుసు కదా?"

"తెలుసు. అందుకే ఇన్నాళ్లూ నేనే వచ్చినాను. ఇది ఇంక నా సేతిలో నేదు."

"నువ్వుంటావా?"

"తలుపు కాడే ఉంటాను. మూయనివ్వను."

అతను తన కాలి వైపు చూశాడు.

"తలుపు మూయకుండా కాలు తీస్తారేటమ్మా?"

ఆమె అతని చంక కింద చెయ్యి వేసి లేపింది.