పొయ్యరుగు సింహం

పన్నెండు జంతువుల పంచాంగంలో కుందేలు సంవత్సరం, మూడో నెల. స్వీదె కొండల్లో రాతిపనివాళ్ళ ఊరు. పెద్దకొడుకు లాయ్‌స్వో పటాలానికి పోతున్నాడు. తల్లి పొయ్యరుగు మీద, కింద పొయ్యితో వెచ్చగా ఉండే ఎత్తు పడక మీద, మూట కడుతోంది.

“కొర్రరొట్టెలు అడుగున పెట్టాను. పైన ఎండు రేగుపళ్ళు. ముందవి తినకు.”

“సరే.”

“సరే అంటావు, రేవు దాటకముందే ఖాళీ చేస్తావు.”

“అమ్మా, మూటలో ఆ రాయెందుకు?”

“రాయంటావేంట్రా. మీ నాన్న చెక్కిన నీ సింహం.”

“పటాలంలో నవ్వుతారు. మొహం చూడు, మన కుక్కలా ఉంది.”

“మీ నాన్న సింహాన్నెక్కడ చూశాడు? పడమటి దేశాలవాళ్ళు ఏ రాజుకో కానుకగా తెచ్చారట. ఆ మాట విని మన తాతలు చెక్కారు. కుక్కను చూసి కొంత, పిల్లిని చూసి కొంత.”

“ఒంట్లో సగం తలే.”

“మనూరి చెయ్యి అంతే. పట్నం సింహాలన్నీ ఒక్క అచ్చు. ఇది మాత్రం నువ్వేడుస్తుంటే నీ నోరు చూసి చెక్కాడు మీ నాన్న.”

“అందుకే ఇంత నోరు.”

“నవ్వకు. పాకే రోజుల్లో నీ నడుముకి ఎర్రతాడు కట్టి, రెండో కొస దీనికి కట్టి పొలానికి పోయేదాన్ని. పొయ్యరుగు మీంచి ఒక్కసారీ పడలేదు నువ్వు.”

“తమ్ముడు పడ్డాడుగా.”

“వాడికి సింహమేది? వాడు పుట్టేసరికి మీ నాన్న గుండెల నిండా రాతిదుమ్మే. ఉలి ఎత్తలేకపోయాడు. వాణ్ణీ నీదానికే కట్టాను. ఒక సింహం ఒక్క బిడ్డకే అన్నారు. ఏం చెయ్యను?”

“బరువమ్మా, తీసెయ్.”

“తీస్తాను. చెయ్యి ఇలా పెట్టు.”

“ఇరవయ్యేళ్ళవాడి చేతికి మళ్ళీ ఆ ఎర్రతాడేంటి?”

“కట్టనీ. రెండో కొస సింహానికే. రేవు దాకా ఇలాగే వెళ్ళు. అక్కడ విప్పి సింహాన్ని ఇంటికి పంపు. అది ఇంట్లో ఉంటే నువ్వు దాని దగ్గరికొస్తావు.”

“ఎవరు తెస్తారు?”

“నీ తమ్ముడు ష్వాన్‌జూ వస్తాడు నీతో.”

“వద్దు. రేవులో పటాలంవాళ్ళుంటారు. వాడికి పదిహేడు నిండాయి, చూస్తే వాణ్ణీ పట్టుకుపోతారు.”

“ఇంటికొక్కడే అన్నారుగా. ఊరిపెద్ద మాటిచ్చాడు.”

“అమ్మా, నా మాట...”

“ఈ ఒక్కటీ కాదనకు, నాయనా.”

“సరే. పిలువు వాణ్ణి.”

మూడేళ్ళ తర్వాత, గుర్రం సంవత్సరం, చలికాలం. లాయ్‌స్వో ఒంటికాలితో గుమ్మంలో నిలబడ్డాడు.

“లోపలికి రా, చలి. కాలు... సరే, ముందు కూర్చో. చిన్నాడు వెనకొస్తున్నాడా?”

“ఎవరు?”

“నీ తమ్ముడు. రేవులో ఇద్దర్నీ పట్టుకుపోయారనుకున్నాం. ఎక్కడున్నా ఇద్దరూ ఒకచోటున్నారు కదా అని...”

“నాతో లేడమ్మా.”

“లేకపోవడమేంటి?”

“రేవులో తాడు విప్పించుకున్నాను. వాడు సింహాన్ని చంకనెత్తుకుని ఇంటిదారి పట్టాడు. మలుపు తిరిగేదాకా చూశాను.”

“ఎప్పుడు?”

“ఆ రోజే. మధ్యాహ్నం.”

కుందేలు సంవత్సరం మూడో నెల పదకొండో రోజు మధ్యాహ్నం రేవు నుంచి ఇంటికి బయల్దేరిన ష్వాన్‌జూ తిరిగి రాలేదు.