వాకర్ వదిలిన రోజు

ఫిజియోథెరపీ గదిలో పాపను ఒళ్ళో పెట్టుకుని అత్తగారు కూర్చుంది. ఎదురుగా కోడలు వాకర్ పట్టుకుని నిలబడింది.

"ఎముక బాగా అతుక్కుందట అత్తయ్యా. ఇక వాకర్ లేకుండా నడవమన్నారు డాక్టరుగారు."

"మరింకా దాన్నే పట్టుకు వేలాడుతున్నావేం?"

"భయంగా ఉంది."

"కానుపయ్యాక ఎముకలు గుల్లబారి, కింద పడకుండానే తుంటి ఎముక విరిగితే, ఆ కాలితోనే ఇల్లంతా తిరిగావు. అప్పుడు లేదే భయం!"

"విరిగిందని నాకేం తెలుసు? బాలింత నొప్పులే, తగ్గిపోతాయన్నారు అందరూ. మా అమ్మ కూడా అదే అంది. మీరొక్కరే ఎక్స్‌రే తీసేదాకా కదలనని ఆస్పత్రిలో భీష్మించుకు కూర్చున్నారు."

"మంచం దిగేటప్పుడు నీ మొహం చూశానమ్మా. ముగ్గుర్ని కన్నాను, అలాంటి నొప్పి నేనెరగను."

"ఇంకా ఆలస్యమైతే ఎముక పూర్తిగా జరిగిపోయేదట. స్క్రూలతో సరిపోయేది కాదట. మీ రుణం..."

"రుణమేంటి, పిచ్చిపిల్లా! ఆపరేషన్ చేసింది డాక్టరు, ఓర్చుకున్నది నువ్వు. నేను నోరు చేసుకున్నానంతే."

"ఆ నోరే నన్ను నిలబెట్టింది."

"అయితే ఆ నోటితోనే చెబుతున్నా. నా చేతులు పీకుతున్నాయి, వచ్చి నీ కూతుర్ని తీసుకో."

అత్తగారు లేచి నిలబడింది. కోడలు వాకర్ వదిలి, మెల్లగా అడుగులు వేసుకుంటూ వచ్చి పాపను అందుకుంది. ఆమె నడుము చుట్టూ అత్తగారి చెయ్యి పడింది.

"ఇంత బరువుందా అత్తయ్యా ఇది! ఇన్నాళ్ళూ పడుకునో కూర్చునో దగ్గరికి తీసుకున్నానేమో, తెలియనే లేదు."