అల్లుడుగారి కారు బేరం

అబ్బ, చాలు, దిగండి అల్లుడుగారూ! స్టీరింగ్ పట్టుకుని మీరు పడే ఆ మురిపెం చూసే కదా, వాడు కాయితాలు తెస్తానని లోపలికి పరిగెత్తాడు. కొనేవాడు అలా ఇకిలిస్తే అమ్మేవాడు దిగొస్తాడా?

ఇంతసేపూ ఏం చూశారు? పాటలు బాగా వినిపిస్తున్నాయా? సీటు మెత్తగా ఉందా? కారు కొంటున్నారా, సోఫా కొంటున్నారా?

మీటరు ముప్పైవేల కిలోమీటర్లే చూపిస్తోందట! ఇలా వంగండి. ఆ బ్రేకు పెడలు రబ్బరు చూడండి, గుండు కొట్టినట్టు నున్నగా అరిగిపోయింది. ముప్పైవేలకే అంత అరుగుతుందా? మీటరు వెనక్కి తిప్పారు. ఆ రబ్బరు కూడా మార్చాలన్న బుద్ధి లేదు వెధవకి. మోసమైనా శ్రద్ధగా చెయ్యొద్దూ?

ఆఁ? ఆ మాటే చెప్పి పదివేలు తగ్గించమందామా? ఓహో!

సరే, ముందు టైర్లు చూడండి. లోపలి అంచు ఒక్కటే ఎలా అరిగిపోయిందో! అంటే చక్రాలు తిన్నగా నడవడం లేదన్నమాట. దానికీ ఇంకో ఐదువేలా? బాగుంది. నేను రోగం చెబుతుంటే మీకది బేరానికి పనికొస్తోందే!

కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. ఫోన్‌లో సగటు ధర చూసుకొచ్చారు. ఏం చేసుకుంటాం ఆ సగటుని? ఈ బండి ఫోన్‌లో ఉందా, మీ ఎదురుగా ఉందా?

వద్దు అల్లుడుగారూ. చెప్తున్నాను కదా, వద్దు.

ఎందుకంటే? ముప్పై ఏళ్ళు షెడ్డులో సొట్టలు తీసి రంగులేసినవాణ్ణి, వద్దంటే చాలదా? ఏంటీ... నాన్న దేనికైనా వంక పెడతాడని మీ ఆవిడ ముందే చెప్పిందా? నా కూతురే! రేపట్నుంచి దీన్ని నడిపేది అదేనయ్యా. వెనక సీట్లో పిల్లదాన్ని కూర్చోబెట్టుకుని, రోజూ, ఆ లారీల మధ్య.

వాడు రాకముందే ఇలా రండి. మోకాళ్ళ మీద కూర్చుని బండి కిందకి చూడండి. ప్యాంటుకి మట్టవుతుందా? అవనివ్వండి, ఉతుక్కోవచ్చు.

ఆ నల్ల తారు పూత కనిపిస్తోందా? కుంచె గీతలు చూడండి. కుడిచేత్తో పూస్తే ఇటు వాలతాయి. ఇవి అటు వాలాయి. ఎడంచేత్తో పూసినవి.

నా చేతికేసి అలా చూస్తారేం? అవును, ఇదే.

ముందు సగం ఒక కారుది, వెనక సగం ఇంకో కారుది. రెండూ గుద్దుకుని తుక్కుకి వచ్చినవే. నడిమికి కోసి అతికించింది నేను. పైన ఎన్ని రంగులు వేసినా ఆ అతుకు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చూపిస్తాను. గట్టిగా ఏదైనా తగిలితే సరిగ్గా అక్కడే రెండుగా విడిపోతుంది.

తెలిసే చేశారా అంటారేంటండీ? తెలియక చేసేంత చేతకానివాణ్ణా! గీత కూడా కనపడకుండా అతికించానని వారం రోజులు మురిసిపోయాను. సిగ్గులేని జన్మ.

ఇలాంటివి ఇంకెన్నంటారా? ఏడో, ఎనిమిదో. ఏమో, గుర్తులేదు. వాటి వెనక సీట్లలో ఎవరి పిల్లలు కూర్చున్నారో నేనెప్పుడైనా అడిగానా?