కళ్ళు ఆర్పమంటోంది

అప్‌డేట్ మళ్ళీ మొదటికొచ్చింది, చూశావా! తొంభై ఎనిమిది శాతం దాకా బుద్ధిగా ఎక్కాడు. అక్కడ ఆగి, ఇంట్లో ఏదో మర్చిపోయినట్టు, మళ్ళీ సున్నాకి దిగిపోయాడు. వీడి దుంపతెగ! మూడున్నర దాటింది. నాలుగింటికి నీ చెల్లెలు వస్తుంది. అప్పటికి వీడు దారివ్వకపోతే దానికి నేనేం సమాధానం చెప్పను?

నవ్వకు. ఆ ఫ్రేములో నువ్వెప్పుడూ నవ్వుతూనే ఉంటావనుకో, అది వేరే సంగతి.

నాకీ కంప్యూటర్ ఆటలంటే పడవని నీకు తెలుసుగా. నువ్వాడుతుంటే వెనక నిలబడి "ఈ వయసులో ఏంటే ఇది" అని వేళాకోళం చేసేవాణ్ణి. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ కర్టెన్లు కుట్టి కుట్టి, ఇంటికొచ్చి మళ్ళీ కంప్యూటర్లో లేని ఇంటికి కర్టెన్లు వేసుకునేదానివి. వంటింటి కిటికీకి పసుపురంగువి వేశానని ఒకరోజు పిలిచావు, గుర్తుందా? నేను సాక్స్ విప్పుకుంటూ, తలైనా ఎత్తకుండా, "బావుంది బావుంది" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకు గొంతులో ముల్లులా ఉంది.

అందుకే కదా, నువ్వు పోయిన మూడో నెలలో ఒక ఆదివారం ఈ కుర్చీలో కూర్చున్నాను. ఆడదామని కాదు. ఆ పసుపు కర్టెన్లు ఒక్కసారి చూద్దామని. అంతే!

అట్టపెట్టె ఉంది, అందులో డిస్కు ఉంది, అన్నీ ఉన్నాయి. అయినా లోపలికి వెళ్ళడానికి లేదు. ముందు ఆట తెరిచిపెట్టే ఈ లాంచర్‌గాడి అనుమతి కావాలి! మన ఇల్లు, మన బల్ల, మన కంప్యూటరు, మనం కొనుక్కున్న ఆట. మధ్యలో వీడెవడు? గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పేరేంటి, పాస్‌వర్డేంటి, ఇంటర్నెట్ ఉందా, కొత్త షరతులకి ఒప్పుకుంటారా, ఉండండి అప్‌డేట్ చేసుకోవాలి... ముప్పయ్యేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నా నేను. ఎక్కేవాణ్ణి పట్టుకుని నీ పేరేంటని అడిగే లిఫ్టుని ఇంతవరకూ చూళ్ళేదు.

ఒకసారి ఒళ్ళు మండి ఇంటర్నెట్ వైరు పీకేశాను. ఏం చేశాడనుకున్నావ్? మొత్తం ఆటే మూసేశాడు.

సరే, ఆ మొదటి రోజు సంగతి చెప్తున్నా కదూ. పాస్‌వర్డు నీ కుట్టుమిషన్ సొరుగులో చీటీ మీద దొరికింది. కొట్టాను. "చాలా రోజుల తర్వాత వచ్చారు, ఇది మీరేనా?" అన్నాడు. కోడ్ పంపించానన్నాడు. వంటింట్లో అలమర మీద నీ ఫోన్ మోగింది.

నువ్వు పోయాక అది మోగడం అదే మొదలు. ఎందుకో తెలీదు, రోజూ చార్జింగ్ మాత్రం పెడుతున్నా. ఎవరో పిలిచినట్టే లేచి వెళ్ళాను తెలుసా! ఆరంకెలు చదువుకుని, దారిలో మర్చిపోతానేమోనని పైకి అనుకుంటూ వచ్చి కొట్టాను. ఇది మీరేనా? కింద రెండు బొత్తాలు. అవును, కాదు.

నేను అవునని నొక్కాను. ఇంకేం నొక్కను?

తెరుచుకుంది. నువ్వు చివరిసారి ఎక్కడ వదిలిపెట్టావో అక్కడే ఉంది ఆటలో నీ బొమ్మ. హాల్లో, స్టూలు మీద, నీకున్నట్టే నీలం స్వెట్టరు వేసుకుని, గోడకేసి చూస్తూ. పక్కన వంటింటి కిటికీ, పసుపు కర్టెన్లు. బావున్నాయే. నిజంగా బావున్నాయి. కాస్త గాలికి కదిలినట్టు కూడా చేశారు, ఎవరు చేశారోగానీ.

కదపకుండా వదిలేస్తే అది ఆవులిస్తుంది. తల గోక్కుంటుంది. కాసేపయ్యాక మెల్లగా తల తిప్పి బయటికి చూస్తుంది, అంటే మనవైపు. ఈ ఆటలో బొమ్మలన్నీ అంతేనట, నాకు తెలుసు. తెలిస్తే మాత్రం? "ఏంటే" అన్నాను పైకే.

అప్పుడు చూశాను దాని ఎదురుగా ఉన్న గోడని. అది గోడ కాదు. నీ చెల్లెలి గది తలుపు ఉండాల్సిన చోటు. మీరిద్దరూ కలిసి కట్టుకున్న గది, అది మంచం పెడితే నువ్వు దుప్పటి రంగు మార్చిన గది. తలుపు తీసేసి ఇటుకలు పేర్చేశావు. నీకు దాని మీద కోపమొచ్చిందని తెలుసు. ఏడు నెలలు మాట్లాడలేదనీ తెలుసు. ఇలా గోడ కట్టేసి, దాని ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నావని మాత్రం తెలీదు.

అంత తప్పేం చేసిందే అది? ఒంట్లోంచి ముక్క తీసి పరీక్షకి పంపే రోజు తోడు రమ్మన్నావు. "ప్రతిదానికీ భయపడతావక్కా, ఏం కాదులే" అంది. తనే రోజంతా రక్తపరీక్షల లాబ్‌లో కూర్చునే పిల్ల, దానికి అలాంటివి మామూలైపోయాయి. నువ్వొక్కదానివే బస్సులో వెళ్ళి బస్సులో వచ్చావు. మరి ఆ రోజు నేను మాత్రం ఎక్కడున్నాను? పన్నెండో అంతస్తులో ఆగిపోయిన లిఫ్టు దగ్గర. నన్నేమీ అనలేదు. నా వాటా కోపం కూడా దానికే ఇచ్చేసినట్టున్నావు.

సరే. నేను మౌస్ కూడా ముట్టుకోకుండా కూర్చున్నానా? వీడు ఊరుకుంటాడా! నాకు చెప్పాపెట్టకుండా టాం టాం చేసేశాడు. నీ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగించి, నీ చెల్లెలి కంప్యూటర్లో "మీ అక్క ఇప్పుడు ఆడుతున్నారు" అని వేశాడట. ఆదివారం దానికి సెలవు. తువ్వాలు తలకి చుట్టుకుని ఉందో, అన్నం తింటోందో, ఆ మాట చూసి దాని ప్రాణం ఏమయ్యుంటుందో చెప్పు!

కింద మూల చిన్న పెట్టె తెరుచుకుంది. "అక్కా, ఉన్నావా?"

లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే మేం ముందు చేసేది తలుపు తియ్యడం కాదు. నీకు వందసార్లు చెప్పాను, విసుక్కునేదానివి. మా మేస్త్రి మొదటి రోజే నా చెవి మెలేసి మరీ నేర్పాడు. లోపల్నుంచి "ఎవరైనా ఉన్నారా" అని వినబడితే, చేతిలో ఏముంటే అది కింద పడేసి, ముందు "ఉన్నాను" అనాలి. తలుపు గంటకి రానీ, రెండు గంటలకి రానీ. బయట ఒక గొంతుంటే మనిషి తట్టుకుంటాడు. లేకపోతే గోళ్ళతో తలుపులు గీరేస్తాడు. ఆ గీతలు నేను చూశాను.

అలవాటే... నా వేళ్ళు వాటంతటవే కొట్టేశాయి. "ఉన్నాను."

కొట్టాక తెలిసింది, ఎవరి పేరు మీద పలికానో.

మూడు చుక్కలు కదులుతాయి, ఆగుతాయి, మళ్ళీ కదులుతాయి. తర్వాత వచ్చింది. "కోపం పోయిందా?"

నువ్వే చెప్పు, నేనేమనాలి? ఏమనమంటావ్? "పోయింది" అని కొట్టాను.

"నా గదిలోకి రానా?"

అప్పటిదాకా నీ బొమ్మని కదపలేదు. మొదటిసారి లేపాను. గునపం నీ సామాన్లలోనే ఉంది. ఇటుకకి నాలుగు దెబ్బలు. కట్టింది నువ్వు కదా, నీ చేతులతోనే పగలగొట్టించాను. మధ్యలో రెండుసార్లు ఆపేశాను కూడా, నీకు నొప్పెడుతుందన్నట్టు! పిచ్చి కాకపోతే ఏంటి? మొత్తం పగిలాక దాని బొమ్మ వచ్చి మంచం మీద కూర్చుంది. నిన్ను పక్కన కూర్చోబెట్టాను. ఇక్కడ నేను ఏడుస్తున్నా. అక్కడ అదీ ఏడుస్తోందేమో.

అంతటితో అయిపోతే బావుండేది. కానీ పైవారం వచ్చి అడిగింది. "నీకు కోపం లేకపోతే, మరి బావ నాకెందుకు ఫోన్ చెయ్యలేదక్కా? చివరి వారం ఎందుకు పిలవలేదు?"

ఇరికించేసింది నన్ను! పిలవనా అని మూడుసార్లు అడిగాను నిన్ను. మూడుసార్లూ అటు తిరిగి "వద్దు" అన్నావు. మూడోసారి గొంతు కూడా రాలేదు, పెదవులే. నీ మాట తీసెయ్యలేక నేను పిలవలేదు. ఇప్పుడు ఆ సంగతి చెప్తే, "కోపం పోయింది" అన్న మాట అబద్ధమైపోతుంది. దాని గది మళ్ళీ మూసుకుపోతుంది. అందుకని నా పీకమీదే వేసుకున్నాను. "బావ కంగారులో మర్చిపోయాడు" అని కొట్టాను.

అంతే! ఆ రోజు నుంచి నా ఫోన్ ఎత్తడం మానేసింది. అయిదు నెలలు. ప్రతి ఆదివారం నాలుగింటికి నీ దగ్గరికి వస్తుంది. లాబ్‌లో సంగతులు చెప్తుంది, కొత్త కుర్చీ తెచ్చి పెడుతుంది, "ఈ రంగు బావుందా అక్కా" అంటుంది. నేను రంగు సరిగ్గా చూసి, ఆలోచించి, చెప్తాను. ఇప్పుడు చూస్తున్నానే అన్నీ, ఒక్కటి వదలకుండా. మధ్యలో "బావ ఎలా ఉన్నాడు" అని మాత్రం ఎప్పుడూ అడగదు.

దానికి తెలీదా అంటావా? తెలీకపోవడమేంటి, పచ్చిగా చెప్పాలంటే నిన్ను అగ్గిలో పెట్టినప్పుడు పక్కనే ఉంది. తెలిసే వస్తోందో, తెలీనట్టు ఉంటోందో, అడిగే ధైర్యం నాకు లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి నీకు. ఈ లాంచర్లో ఎవరికీ కనబడకుండా ఉండే బొత్తాం ఒకటుంది. నొక్కితే ఆ చుక్క వెలగదు. రెండోవారమే కనిపెట్టాను. నొక్కలేదు. వాణ్ణి తిడుతున్నా గానీ, వాడిదేం పాపం?

ఆఁ! ఎక్కింది, ఎక్కింది! వంద! హమ్మయ్య, ఇంకా ఎనిమిది నిమిషాలుంది. ఇప్పుడు అడుగుతాడు చూడు, ఇది మీరేనా అని. అవునని నొక్కితే...

ఇదేంటి? కోడ్ కాదంటున్నాడు. "భద్రత కోసం ఖాతాదారు ముఖాన్ని కెమెరాకి చూపించండి."

ముఖమా?

ఉండు. ఉండు, కంగారుపడకు. నాది కాదు, నాది చూపిస్తే మొదటికే మోసం. నువ్వు రా ఇలా. ఫ్రేము అద్దం మెరుస్తోంది, కొంచెం పక్కకి... ఆఁ. గుర్తుపట్టాడు! నీ ముఖం చుట్టూ గీత గీశాడు చూడు. పేరు కూడా వేశాడు.

ఇప్పుడేంటి... "దయచేసి కళ్ళు ఆర్పండి."

అదేంట్రా? ఫోటో ఎలా ఆర్పుతుంది? "కళ్ళు ఆర్పండి." పదిహేను, పద్నాలుగు, పదమూడు... లెక్కపెడుతున్నాడు. ఒసేయ్. వినవే. నీ గోడ నీ చేతులతోనే పగలగొట్టించాను. నీ కోపాన్ని నిన్నడక్కుండా తీసి పారేశాను. నాకు ఏ హక్కూ లేదు, ఒప్పుకుంటున్నా. నీకు ఇష్టం లేకపోతే ఒక్కసారి ఆర్పు. వెళ్ళి ఆ గోడ మళ్ళీ నువ్వే కట్టుకో, నేను అడ్డురాను. ఒక్కసారి ఆర్పవే. ఆరు, అయిదు... నీకు దణ్ణం పెడతా.

"ఇది మీరేనని నిర్ధారించలేకపోయాం."

సరే.

నాలుగైంది. నీ ఫోన్ మోగుతోంది అలమర మీద. దాని మెసేజే అయ్యుంటుంది. చదవక్కర్లేదు నేను, ఏముంటుందో తెలుసు. లోపల్నుంచి పిలుస్తోంది. నేను ఇక్కడ కూర్చుని ఎలా వినమంటావ్?

నా ఫోన్ ఏదీ... ఇదిగో. నా పేరు చూసి కట్ చేస్తుందేమో. చేస్తే మళ్ళీ చేస్తా. ఈసారి మాత్రం అబద్ధం చెప్పలేను, ముందే అంటున్నా. వద్దంటావా? చెప్పు, ఇప్పుడైనా. నీకు ఎప్పుడూ ఇంతే, ఆ నవ్వొకటి!

కట్ చేసింది.

మళ్ళీ మోగుతోంది...

హలో. ఆఁ... నేనమ్మా. బావని. అక్క కాదు. ఇన్నాళ్ళూ అక్క కాదు, నేనే. అక్క ఇంక రాదమ్మా. ఊఁ... ఊఁ. లేదు, మర్చిపోలేదు. ఎలా మర్చిపోతాను? మూడుసార్లు అడిగాను దాన్ని. వద్దందమ్మా. అక్కే వద్దంది.

హలో?

ఉన్నాను, ఉన్నాను. ఇక్కడే ఉన్నా. ఏడువు, ఏం పర్లేదు. నేను పెట్టెయ్యను.