నీళ్ళు నింపిన పాల క్యాన్లు

మిస్సోరీ కొండల్లో, జింకల వేటకి ఇంకా వారం ఉందనగా ఒక శనివారం మధ్యాహ్నం. వెండెల్ ఇంటి వెనక షెడ్డులో ఇద్దరు పాత స్నేహితులు. ఓరిన్ వచ్చాడు గాని, ఈసారి కాఫీ కోసం మాత్రం కాదు.

"ఇరవై రెండు. నాకు కబుర్లు చెప్పకు వెండెల్, గుమ్మంలోంచే లెక్కపెట్టాను. ఇరవై రెండు ప్లాస్టిక్ పాల క్యాన్లు."

"ఉంటాయి. ఈ చుట్టుపక్కల పాలు తాగేవాళ్ళంతా ఖాళీ క్యాన్లు నాకే తెచ్చి పడేస్తారు. మన తూటాల పరీక్షకని పదిహేనేళ్ళు నువ్వు మొయ్యలేదా? కూర్చో. పొయ్యి వెలుగుతోంది, ఆ కోటు విప్పు."

"అక్కర్లేదు."

"మెడదాకా గుండీలు బిగించుకుని ఎలా కూర్చుంటావురా, ఉడికిపోతావు. కొత్తదా?"

"కొత్తదే. పాతదానిలాంటిదే ఇంకోటి కొన్నాను. మాట మార్చకు. నెలన్నర నుంచి మా ఇంట్లో ఒక్క ఖాళీ క్యాన్ కనపడలేదు. మార్లిస్‌ని అడిగితే చెత్తలో పడేశానంది. మా ఆవిడ చెత్తబుట్ట నీ షెడ్డులో ఉందన్నమాట!"

"పాలు మీరొక్కళ్ళే కొంటారా ఏమిటి?"

"పాలు విప్పిన రోజు తేదీ క్యాన్ మీద రాసుకునే పిచ్చి మార్లిస్‌కి తప్ప ఇంకెవరికుంది ఇక్కడ? ఏడంకెకి నడుం మీద గీత కొడుతుంది. ఇదిగో, ఏడు. ఇదీ ఏడే. ఇది మొన్న సోమవారంది. సోమవారం ఆ పాలు నేను తాగానురా. ఆ క్యాన్ నీ దగ్గరికి నడిచొచ్చిందా?"

"తెచ్చిచ్చింది."

"ఎవరు?"

"ఎవరేమిటి, మార్లిసే."

"ఎన్నిసార్లు?"

"ఎన్నోసార్లు కాదు."

"ఎన్ని?"

"మూడు. నాలుగేమో."

"ఆరు! నేను చెప్తాను, ఆరు. మార్లిస్ ట్రక్కు మీటర్ నేను రోజూ చూస్తాను. దాణా కొట్టులో పనికి పోయి రావడానికి పద్నాలుగు మైళ్ళు. మంగళవారాలు మాత్రం ఇరవై మూడు. ఆ తొమ్మిది మైళ్ళు ఎటు పోతున్నాయా అని ఆరు వారాలుగా నాకు కంటిమీద కునుకు లేదు. ఇవాళ మీ మలుపు దగ్గర్నుంచి కొలిచాను. రానుపోను సరిగ్గా తొమ్మిది."

"పెళ్ళాం బండి మీటర్ రోజూ చూస్తావా నువ్వు?"

"చూస్తాను. చూస్తే తప్పా? చూడబట్టే కదా తెలిసింది!"

"కాఫీ తాగు."

"నీ కాఫీ ఎవడిక్కావాలి. నీ సంగతి తేల్చుకుని ఇంటికెళ్తాను, వెళ్ళి దాని సంగతి తేల్చుకుంటాను. ఇంట్లోనే ఉంది, ఆపిల్ ముక్కలు తరుగుతోంది ఏమీ ఎరగనట్టు. ఒక్కటి చెప్పు. నేను గదిలోకొస్తే కూనిరాగం ఆపేస్తుంది. పలకరిస్తే ఊ అంటుంది. ఇక్కడ మాట్లాడుతుందా?"

"మాట్లాడుతుంది, మామూలుగా."

"నవ్వుతుందా?"

"ఓరిన్..."

"నవ్వుతుందా అని."

"ఓసారి నవ్వింది. క్యాన్ పగిలి నీళ్ళన్నీ నా మీద పడితే."

"నవ్వింది."

"తడిసి ముద్దయ్యాను మరి."

"మార్లిస్ నవ్వగా చూసి నాకు రెండేళ్ళయింది వెండెల్. ఆ నవ్వు కూడా నీకే తెచ్చి పడేసిందన్నమాట, ఖాళీ క్యాన్లతో పాటు. కడుపు మండిపోతోందిరా నాకు. నీ బట్టతల చూసి, నీ చిరిగిన బూట్లు చూసి, వీడిలో ఏం చూసిందా అని దారంతా..."

"నాలో ఏమీ చూళ్ళేదు. క్యాన్ల వంక చూసింది. తూటాల వంక చూసింది."

"క్యాన్ పగిలిందన్నావు. మార్లిస్ పక్కనుండగా పేల్చావా?"

"ఆవిడే పేల్చింది."

"మార్లిసా? చప్పుడు పడదురా దానికి! పదిహేనేళ్ళు పిలిచాను. ఒక్క శనివారం రాలేదు, ఒక్క క్యాన్ పట్టుకోలేదు. దేంతో పేల్చింది? మా ఇంట్లో తుపాకులన్నీ ఇనప్పెట్టెలో ఉంటాయి, తాళంచెవి నా దగ్గరుంటుంది."

"వాళ్ళ అక్క ఇచ్చిందిట. చిన్న పిస్టల్, చేతిసంచీలో పడుతుంది. అందులోకి ఏ తూటా మంచిదో చూసిపెట్టమంది. అంతే కదరా. మనం చేసే పరీక్షే. ఒంటికి బదులు నీళ్ళు నింపిన ఆరు క్యాన్లు వరసగా నిలబెట్టడం, ముందు బట్టల లెక్కన పాత జీన్సు నాలుగు మడతలు కట్టడం, తూటా ఎన్నో క్యాన్‌లో ఆగిందో చూడ్డం, దాని మొన ఎంత విచ్చుకుందో కొలవడం, పుస్తకంలో రాసుకోవడం."

"నన్నడిగితే నేను చెయ్యనా?"

"అదే అన్నాను. ఓరిన్‌ని అడక్కపోయావా, నాకంటే బాగా చేస్తాడు అన్నాను."

"ఏమంది?"

"ఆయనకి చెప్పకు, నేను పిస్టల్ పట్టుకున్నానంటే ఎగతాళి చేస్తాడు అంది."

"చెయ్యనూ? ఎందుకట దానికి పిస్టల్?"

"ఇంట్లో భయంగా ఉంటుంది, ఎవరైనా వస్తే అంది."

"ఎవడొస్తాడు? భయమేమిటి, నేనుండగా! బయటికెళ్ళినా గంటకోసారి ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే పని వదిలేసి వచ్చేస్తాను. మా ఇంటి ఛాయలకి వచ్చే మగాడెవడు?"

"పడగ్గది తలుపు విరిగిందట కదా. వడ్రంగి చెప్పాడు. మరి దొంగ పడ్డాడేమో అనుకున్నాను."

"దొంగా లేదు, పాడూ లేదు. అది నేనే."

"నువ్వా?"

"లోపల గడియ పెట్టుకుంది. తియ్యమన్నాను, తియ్యలేదు. నా ఇంట్లో నా గది తలుపు నాకు తియ్యరా? ఒక్క భుజం వేశాను, అంతే. వారం తిరక్కుండా కొత్త తలుపు పెట్టించాను. దానికంటే గట్టిది. ఏమిటలా చూస్తావు?"

"ఏం లేదు."

"పుస్తకం ఇటివ్వు."

"అందులో ఏముంది నీకు తెలీంది, అంకెలే."

"ఇవ్వు. ఎక్కడ... ఇదీ. 'మార్లిస్ కోసం. జీన్సు నాలుగు మడతలు. మూడో క్యాన్‌లో ఆగింది, బాగా విచ్చుకుంది.' అబ్బో, నీ రాత ఎంత గుండ్రంగా వచ్చిందిరా! నాతో ఉన్నప్పుడు కోడి గీకినట్టు రాస్తావు. కింద ఇదేమిటి? 'జీన్సు' కొట్టేసి 'కోటు' అని ఉంది. కోటేమిటి? మనమెప్పుడూ జీన్సే కదా కట్టేది. అందరూ అదే కదా కట్టేది."

"ఆవిడ ఆలోచనే. ఈ చలిలో వచ్చేవాడు పాత జీన్సు ఛాతీకి చుట్టుకుని రాడు కదా, లావుపాటి కోటు వేసుకునొస్తాడు అంది. సబబుగా తోచింది. నిజం చెప్పనా, సంతోషం వేసింది. పదిహేనేళ్ళలో మనిద్దరి బుర్రకీ తట్టలేదే అనుకున్నాను."

"ఎవరి కోటు?"

"తనే తెచ్చింది."

"ఎవరిదని అడుగుతున్నాను."

"నేనడగలేదు. పాతబట్టల కొట్లో కొనుంటుందనుకున్నాను."

"బల్లకింద ఆ గోతంలో ఉన్నదేనా? నేనొచ్చినప్పట్నుంచీ దాన్ని కాలితో లోపలికి తోస్తున్నావు."

"తన విషయం ఎవరికీ చెప్పకు అంది, అందుకని తోశాను. వదిలెయ్ ఓరిన్."

"జరుగు."

"ఒరే, వదిలెయ్ అంటున్నానా..."

"జరుగు! ఇది... ఇది నాది. ఇది నా కోటురా! ఇదిగో మోచెయ్యి, ముళ్ళకంచెకి చీరుకుపోతే అదే కుట్టింది నల్లదారంతో. నెల్లాళ్ళు వెతికాను. చర్చివాళ్ళకి దానం ఇచ్చేశానంది. చర్చికట! నా కోటు తీసుకొచ్చి నీకు తొడిగిందా? మధ్యాహ్నంపూట నా కోటు వేసుకుని నా పెళ్ళాంతో..."

"నేను తొడుక్కోలేదు."

"మరి నీ దగ్గరెందుకుంది?"

"కిటికీ దగ్గరికి రా. వెలుతురుకి పట్టుకుని చూడు. ఛాతీ దగ్గర."

"చిల్లులు."

"తొమ్మిది. ఎడమ జేబు పైన."

"నా కోటుకి..."

"నీదని నాకు ఇప్పుడే తెలిసింది. నువ్వు చెప్పాకే. ఒట్టు."

"ఏమనుకుని పేల్చావు మరి?"

"లోపలి అస్తరు ఇంత మందంగా ఉంది, తూటా మొనకి అడ్డంపడి విచ్చుకోనివ్వదేమో అనుకున్నాను. వారమంతా అదే ఆలోచన. రెండు రకాలు మార్చి చూశాను. కోటు ఎవరిదీ అని ఒక్క ముక్క అడగడానికి నాకు బుద్ధి లేకపోయింది."

"ఆగు, ఆగు. నామీద కోపం దానికి. అందుకని నా కోటు పాడుచేసింది. ఆడవాళ్ళు చేస్తారు. మీ ఇద్దరి సంగతీ నాకు తెలిసిపోతుందని భయపడి, ఇద్దరూ కలిసి..."

"మా ఇద్దరి సంగతి అంటూ ఏమీ లేదు ఓరిన్. ఉంటే బాగుండునని ఇప్పుడనిపిస్తోంది. నన్ను నాలుగు తన్ని, కోపం తీరి ఇంటికెళ్ళేవాడివి."

"ఎలా ఉండదు? ఉండాలి! నీ దగ్గరికొచ్చింది, నీ దగ్గర నవ్వింది..."

"మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు. కోటు తెచ్చాక అసలే లేదు."

"చివరికేం చెప్పావు దానికి? ఈ కోటు సంగతి."

"అడిగింది, చెప్పాను."

"ఏమని?"

"సరిపోతుందని."

"దీన్ని దాటుకుని తూటా దిగుతుందనా?"

"కూర్చో ఓరిన్."

"నా గురించి ఏమంది? ఏదో అనే ఉంటుంది కదా. నా గురించి ఏం చెప్పింది నీకు?"

"నీ ఊసే ఎత్తలేదు. ఒక్కటే పట్టుబట్టింది. మొదటిరోజు కోటు ఊరికే మేకుకి తగిలించాను, ముందు తెరుచుకునే ఉంది. తనే వచ్చి సర్దింది. ఇలా కాదు వెండెల్, వచ్చేవాడు ఎప్పుడూ మెడదాకా గుండీలు పెట్టుకునే వస్తాడు అంది. ఒక్కొక్కటే పెట్టింది, కింద నుంచి పైదాకా. వచ్చేవాడు ఎలా వస్తాడో నీకెలా తెలుసు మార్లిస్ అని నేను అడగలేదు."

"అది... అది నన్ను..."

"అవును."

"నేను దాన్ని చంపుకుంటానా? ఒక్క తలుపు వెండెల్, ఒక్క తలుపే కదా... ఇప్పుడు ఇంటికెళ్దామనే... వెళ్ళి అడుగుదామనే బయల్దేరాను... మెడదాకా గుండీలతో, ఇలాగే..."

"ఇలాగే. తెలుసు. గుండీలు అలా లాగకు, దారాలు తెగిపోతాయి. ఇలా రా, ఆ పై గుండీ నేను విప్పుతాను."