కుళాయి లేని రేడియేటర్

చలిదేశంలో, మేయో కొండల అంచున ఒక ఇల్లు. మేడగదిలో జార్లత్ శవం, ముందుగదిలో ప్రార్థనకొచ్చిన ఇరుగుపొరుగు. వంటింట్లో పొయ్యి దగ్గర అతని భార్య డెల్యా, అతని చెల్లెలు ఫిలొమీనా.

"ఆ దబదబ వినబడుతోందా ఫిలొమీనా?"

"వినబడక? అన్నయ్యే, నీ మీద కోపంతో గోడ బాదుతున్నాడు."

"ఆయనకి బతికున్నప్పుడే కోపం లేదు, ఇప్పుడెక్కడిది? పొయ్యి వెనక బాయిలర్‌లో నీళ్లు కుతకుతలాడుతున్నాయి. నువ్వు పొయ్యిలో ఇంకా పీట్ మట్టిగడ్డలు వేస్తున్నావేం? ఆపు!"

"వచ్చినవాళ్లకి టీ ఇవ్వొద్దా వదినా? మా పుట్టింటి పరువు..."

"పరువు తర్వాత. మేడమీద గదిని వెచ్చబెట్టే రేడియేటర్ ముట్టుకున్నాను. చల్లగా ఉంది. ఎందుకుంది?"

"ఎందుకంటే? శవమున్న గది చల్లగా ఉండాలి. ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. నువ్వేమో వెతికి వెతికి ఇంట్లోకెల్లా వేడిగదిలో పడుకోబెట్టావు. సిగ్గు లేకపోతే సరి!"

"దానికి కుళాయే లేదుగా, ఎలా ఆపావు?"

"పొద్దున్నే మా ఆయనచేత పెట్టించాను."

"కోల్మన్ చేతా! గొర్రెల బొచ్చు కత్తిరించేవాడిచేత గొట్టాలు బిగించావా?"

"మా ఆయన్నేమీ అనకు. అన్నయ్య పెట్టని కుళాయి ఆయన పెట్టాడు."

"మీ అన్నయ్య మరిచిపోయి మానలేదే, కావాలని మానాడు. మధ్యాహ్నం గాలివానకి కరెంటు పోయిందా? వేడినీళ్లని గదులకి తోసే పంపు ఆగిందా? ఇక ఈ నీళ్లు వాటంతటవే పైకెక్కి వేడి దించుకునే చోటు ఆ రేడియేటర్ ఒక్కటే."

"గొట్టానికి థర్మోస్టాట్ ఉందిగా, వేడెక్కితే పంపుని లేపేది?"

"ఉంది. కరెంటు లేకుండా ఏ పంపుని లేపుతుంది, నిన్నా? పొయ్యికి గాలి వెళ్లే మూత కూడా మూసేశాను, మంట తగ్గటంలేదు. అటకమీద తొట్టి మరుగునీళ్లు కక్కుతోంది. అది కాస్తా ఖాళీ అయిందా, బాయిలర్ ఎండి పగులుతుంది. పక్కగదిలో ఊరంతా ఉంది. పద, కుళాయి తిప్పు."

"తిప్పను."

"నేనే తిప్పుకుంటాను."

"పిడి ఉంటేగా! ఊడదీసి నా జేబులో వేసుకున్నాను. నాకు తెలుసు నీ సంగతి."

"అయితే ఆ బకెట్ ఇలా తే. నిప్పు తోడి వాకిట్లో పోస్తాను."

"అయ్యో అయ్యో! శవం ఇంట్లో ఉండగా నిప్పు గడప దాటుతుందా?"

"సరే, ముందు మీ అన్నయ్యనే గడప దాటిస్తాను. పీట్ కొట్టంలో చల్లగానే ఉంటుంది."

"ఎంత మాటన్నావే! ఆ మేడగది నా గది వదినా. పుట్టినప్పట్నుంచీ నాది. నువ్వు కాపురానికొచ్చిన చలికాలమే ఆ ఇనప్పెట్టె తెచ్చి బిగించారు, ఆపుకోడానికి కుళాయైనా లేకుండా. ఉడికించి ఉడికించి తరిమేశారు. ఆ ఉక్క భరించలేకే ఆ కోల్మన్‌ని కట్టుకుని పోయాను!"

"వేడి ఏదో ఒక గదిలో దిగాలి. మా గదీ ఈ పొయ్యికి పైనే ఉంది, అక్కడే పెట్టుకోవచ్చు. నువ్వు రాత్రుళ్లు దగ్గేదానివి. అందుకని నీ గదిలో పెట్టాడు."

"దగ్గు గురించి అన్నయ్య నాతో ఒక్కమాట అనలేదే."

"మగాళ్లు అంటారా? గొట్టం బిగిస్తారు. ఇదిగో, మళ్లీ చప్పుడు! ఫిలొమీనా, నీ కాళ్లు పట్టుకోనా?"

"అక్కర్లేదు, మేడమీదికి వెళ్తున్నాను. ... వినబడుతోందా, తిప్పాను వదినా! అమ్మో, గొట్టం కాలిపోతోంది!"

"చెయ్యి తియ్యి! ఆఁ, ఇక్కడ చప్పుడు తగ్గుతోంది. అలాగే వదిలెయ్."

"ఇక్కడ మేడమీద అప్పుడే వెచ్చబడుతోంది. పోనీ అన్నయ్యని మీ గదిలోకి మార్పించనా? తలుపు తీసి చూశాను, మంచుగడ్డలా ఉంది."

"వద్దు. ఇన్నేళ్లూ ఆ మంచులోనే పడుకున్నాడు, అలిగి వెళ్లిన చెల్లెలు ఎప్పుడొస్తుందోనని నీ గది ఖాళీగా ఉంచి. ఈ ఒక్క రాత్రైనా వెచ్చగా పడుకోనీ."